చేపల సంఘానికి ప్రత్యేకాధికారి

మార్చి పదో తారీఖు నాటికి గౌరమ్మపేటలో మనుషులు అయిపోయారు.

కంగారు పడకండి. కలరా రాలేదు, వరదా రాలేదు. మనుషులు ఉన్నారు, తింటున్నారు, తిరుగుతున్నారు, ఫ్యాను కింద పడుకుని ఎండని తిడుతున్నారు. అయిపోయింది, సంఘంలో చేర్చడానికి మిగిలిన మనుషులు. ఆ ఏడాది పురపాలక సంఘానికి పైనుంచి ఒక లక్ష్యం దిగింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటల్లోగా ఊళ్ళో ఐదు వందల సంఘాలు ఏర్పడి తీరాలి. ఎందుకూ అని పైవాళ్ళు చెప్పలేదు, కిందవాళ్ళు అడగలేదు. తోపుడుబళ్ళ సంఘం అయింది. పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘం అయింది. నడవమని డాక్టరు చెప్పినా నడవనివాళ్ళ సంఘం అయింది. కుళాయి దగ్గర బిందెలు పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు ఒక సంఘం, ఆ బిందెలు జరిపేసేవాళ్ళు ఇంకో సంఘం. ఒక్కొక్క మనిషి నాలుగేసి సంఘాల్లో తేలాడు. లెక్క నాలుగు వందల తొంభై తొమ్మిది దగ్గరికొచ్చి, గట్టు ఎక్కలేని గేదెలా అక్కడే నిలబడిపోయింది. ఇంకొక్కటి. ఆ ఒక్కదానికీ ఊళ్ళో ఖాళీగా మనిషి లేడు.

సరిగ్గా ఆ రోజే సంఘాల నిర్వాహకురాలు సుగుణమణి గారి కళ్ళజోడు కాడ విరిగింది. విరిగింది ఆవిడ జోడు. విరగబోయేది కొప్పర్తి భీమేశ్వరరావు నడుము.

భీమేశ్వరరావుది కళ్ళజోళ్ళ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఊళ్ళో సగం మందికి చూపు అమ్మిన మనిషి. మిగతా సగం చూసీ చూడనట్టు పోయేవాళ్ళు గనక వాళ్ళకి జోడుతో పనిలేదు. కొట్టుకీ ఇంటికీ మధ్య గదిలో మూడడుగుల అద్దాల తొట్టి, అందులో ఇరవై రెండు నియాన్ టెట్రాలు. చేప అంటే అగ్గిపుల్లంత. ఒంటిమీద పైన నీలం గీత, కింద ఎర్ర గీత, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. ఇవి గుంపుగా తప్ప బతకవు. అన్నీ కలిసి అటు వెళ్తాయి, చటుక్కున అన్నీ కలిసి ఇటు తిరుగుతాయి. అప్పుడు గదిలో నీలం దీపం వెలిగి ఆరినట్టుంటుంది.

చేపట్టిన ఇల్లాలి కోసమే ఆయన చేపలు పట్టుకొచ్చింది. ఆయన భార్య వరాలుకి బీపీ. రోజూ అరగంట కదలకుండా, మెదలకుండా కూర్చోవాలన్నాడు డాక్టరు. వరాలు కూర్చోవడమా! కూర్చున్నా చేతులు బియ్యంలో రాళ్ళు ఏరేవి, నోరు మొగుడిలో తప్పులు ఏరేది. ఈ చేపలొచ్చాక మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చుంటే కాఫీ చల్లారిపోయేది, ఆవిడ కూడా చల్లారేది. నూట డెబ్బై ఉన్న బీపీ నూట ముప్పైకి దిగింది. వరాలుని అరగంట కూర్చోబెట్టగలిగిన జీవులు ఈ భూమ్మీద ఇరవై రెండే ఉన్నాయనీ, అవి తన ఇంట్లోనే ఉన్నాయనీ భీమేశ్వరరావుకి గర్వం.

కాడ బిగించేదాకా కూర్చోమంటే సుగుణమణి మధ్య గదిలోకి తొంగి చూసింది. జోడు లేకపోయినా ఆవిడకి గుంపు కనిపించింది.

"ఏవండీ, ఇయ్యి ఎన్నండీ?"

"ఇరవై రెండమ్మా."

"ఎప్పుడూ ఇలా కలిసే తిరుగుతాయా?"

"విడదీస్తే బెంగెట్టుకుంటాయి. రంగు కూడా దిగిపోద్ది."

సుగుణమణి సంచీలోంచి కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితం పైవాళ్ళ ఉత్తర్వు. కంటికి ఆనించుకుని పైకి చదివింది. "ఒకే చోట కూడి, ఒకే దిశగా సాగు ఆరుగురు గాని, అంతకు మించినవారు గాని సంఘముగా ఏర్పడవలెను. ఆరుగురికి తగ్గినచో అట్టి కూడిక కుటుంబముగా మాత్రమే పరిగణింపబడును." చదివి, కాగితం ఆయన చేతిలో పెట్టింది. "మనుషులు అని ఎక్కడైనా ఉందాండీ ఇందులో?"

భీమేశ్వరరావు తన జోడు సర్దుకుని చూశాడు. లేదు.

"లేదు గానీ... చేపలు కదమ్మా!"

"ఆ మాట మీరు కమిషనర్ గారితో చెప్పుకోండి. మీ కొట్టు బోర్డు పర్మిషన్ ఫైలు కూడా ఆయన బల్ల మీదే ఉందంట మరి."

భీమేశ్వరరావు నీళ్ళు నమిలాడు. తొట్టిలో ఇరవై రెండు మందీ అదే పనిలో ఉన్నారు.

దరఖాస్తులో ప్రతి సభ్యుడికీ పేరు కావాలి. భీమేశ్వరరావు ఆలోచించడానికి బద్ధకించి, వరాలు పుట్టింటి వైపు వాళ్ళ పేర్లు వరసగా దించేశాడు.

"మా పెదమావయ్యని చేపని చేసేశారేంటండీ?" అని లేచింది వరాలు.

"చేపని కాదే, అధ్యక్షుణ్ణి చేశాను! ఆయన బతికుండగా వార్డు మెంబరు కూడా అవలేదు."

వేలిముద్రల గడి దగ్గర సుగుణమణి అరనిమిషం కలం నమిలి, "సభ్యులు సదా తడిగా ఉన్నందున ముద్ర పడలేదు" అని రాసుకుంది. చిక్కల్లా ఫోటోల దగ్గర వచ్చింది. ఒక్కొక్కరిదీ విడివిడిగా కావాలి. చేపలు నిలబడతాయా? భీమేశ్వరరావు ఫోను పట్టుకుని పూటంతా తొట్టి చుట్టూ ప్రదక్షిణం చేస్తే నలభై ఫోటోల్లో నీళ్ళొచ్చాయి, ఒక్కదాంట్లో చేప వచ్చింది. ఆ ఒక్కదాన్నే ఇరవై రెండు కాపీలు తీయించి, ఇరవై రెండు పేర్ల పక్కన అతికించేశాడు. గీత గీతకీ తేడా లేదు, ఎవడు కనిపెడతాడు? ముప్పై ఏళ్ళుగా ఊరి కళ్ళు చూస్తున్న మనిషాయె, ఊరి చూపు మీద ఆయనకి ఆమాత్రం నమ్మకం ఉంది.

అలా ఐదు వందలవ సంఘం పుట్టింది. మొదటి సర్వసభ్య సమావేశానికి కమిషనర్ పరాంకుశం గారు స్వయంగా వేంచేశారు. ఆయన మామూలుగా మాట్లాడలేరు. దాహమేస్తే "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అనే రకం.

"కార్యక్రమము ప్రారంభింపబడుగాక," అన్నారు. "ఇందలి అధ్యక్షుని యెడల విశ్వాసము గలవారు కుడివైపుకు మరలవలసినదిగా కోరడమైనది."

తొట్టికి కుడి పక్కనే వరాలు మేత డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై రెండు చేపలూ కుడికి తిరిగాయి.

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "ఏకగ్రీవము! ఇరవై ఏళ్ళ సర్వీసులో నేనింతటి ఏకగ్రీవము చూచి ఎరుగను. గైర్హాజరు లేదు. వాకౌట్ లేదు. టీ అడిగిన నాథుడు లేడు!"

సుగుణమణి మినిట్స్ పుస్తకంలో ఇలా రాసింది: "సభ్యులందరూ పలుమార్లు నోరు తెరచి చర్చలో చురుకుగా పాల్గొన్నారు. భిన్నాభిప్రాయము వినబడలేదు."

ఆ సాయంత్రమే దాన్ని ఆదర్శ సంఘంగా ప్రకటించారు. ప్రకటించాక చూపించకపోతే ఎలా? మర్నాటినుంచి మిగతా నాలుగు వందల తొంభై తొమ్మిది సంఘాలనీ విడతలు విడతలుగా భీమేశ్వరరావు ఇంటికి తోలుకొచ్చి తొట్టి ముందు నిలబెట్టారు. "క్రమశిక్షణ అనగా ఎట్టిదో అవలోకింపుడు," అని మునిసిపల్ మేనేజరు బెత్తంతో అద్దం మీద కొట్టి చూపించేవాడు.

తోపుడుబళ్ళ సంఘం పెద్ద, అరటిపళ్ళ గవరయ్య, తలపాగా తీసి చంకలో పెట్టుకుని తొట్టిని చాలాసేపు చూశాడు. "బావుందయ్యా. మాక్కూడా ఇలాగే నీడలో ఇల్లిచ్చి, రెండు పూటలా మేతేసి, వారం వారం నీళ్ళు మార్పించండి. అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు. మా బళ్ళు కూడా తిప్పుతాం."

ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు.

రోజుకి ఎనభై మంది వేళ్ళతో, బెత్తాలతో, తాళంచెవులతో అద్దం మీద కొడుతుంటే చేపలు తొట్టి వెనక మూలకి పోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నీలం గీత బూడిద రంగుకి దిగింది. వరాలు కాఫీ మళ్ళీ వేడిగా ఉండగానే అయిపోవడం మొదలైంది. బీపీ నూట అరవై.

"ఏవండీ, నా చేపలు నాకిప్పించండి," అంది ఒకరోజు. తిట్టలేదు. తిట్టి ఉంటే భీమేశ్వరరావుకి ఇంకాస్త ధైర్యంగా ఉండేది.

ఇరవై నాలుగో తారీఖున షీల్డు ప్రదానం. తొట్టికి బంతిపూల దండ వేశారు. పరాంకుశం గారు ఇత్తడి షీల్డు రెండు చేతులా పట్టుకుని, "అధ్యక్షుల వారు ముందుకు రావలసినది," అన్నారు.

గుంపు అటు పోతోంది. అందరికన్నా ముందున్న చేపని మేనేజరు వేలెత్తి చూపించాడు. "వారే సార్!" కమిషనర్ గారు షీల్డు అటు చాచారు. ఇంతలో గుంపు చటుక్కున వెనక్కి తిరిగింది. ఇప్పటిదాకా చిట్టచివర ఉన్నవాడు మొదటివాడయ్యాడు. షీల్డు ఇటు వచ్చింది. గుంపు మళ్ళీ తిరిగింది. పది నిమిషాలు పరాంకుశం గారు ఇత్తడి షీల్డుతో తొట్టికి ఈ చివరనుంచి ఆ చివరకి పరుగులు పెట్టారు. సుగుణమణి గీతలు గీసి లెక్కపెడుతూనే ఉంది.

"పదిహేడు సార్లు మారారు సార్, అధ్యక్షులు!"

"పది నిమిషాలలో పదిహేడు అవిశ్వాసములా?" కమిషనర్ గారు షీల్డు దించారు.

భీమేశ్వరరావు చేతులు కట్టుకుని, "అవిశ్వాసం కాదండీ. అసలు వీటికి నాయకుడంటూ ఉండడండీ. అన్నీ కలిసి తిరుగుతాయంతే," అన్నాడు.

"నాయకుడు లేడా?" పరాంకుశం గారు ఆయనకేసి జాలిగా చూశారు. "మరి అందరూ ఒకే దిశగా ఎట్లు తిరుగుచున్నారు? ఎవరు చెప్పుచున్నారు?"

కమిషనర్ గారే రిజిస్టరు తెప్పించి, ఫోటో చూసి అసలు అధ్యక్షుణ్ణి గుర్తుపడదామన్నారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. మేనేజరు కొట్టులోంచి భూతద్దం తెచ్చాడు. భీమేశ్వరరావు భూతద్దమే, చక్కగా తుడిచి పెట్టుకున్నది. ఇరవై రెండు ఫోటోల్లోనూ ఒకే మొహం, ఒకే గీత, తోక పక్కన ఒకే నీటి బుడగ.

"ఒకే వ్యక్తి, ఇరవై రెండు పేర్లు!"

మీనమేషాలు లెక్కపెట్టడం ప్రభుత్వానికి అలవాటే. ఇక్కడ మేషాలు లేవు, మీనాలు మాత్రమే కావడంతో విచారణ వారంలోనే తేలిపోయింది. సంఘంలో దొంగ సభ్యత్వం ఉంది, నాయకత్వ కలహం ఉంది, రద్దు చేయాల్సిందే. కానీ రద్దు చేస్తే లెక్క మళ్ళీ నాలుగు వందల తొంభై తొమ్మిది! అందుకని రద్దు చేయకుండా, పాలకవర్గాన్ని మాత్రం తొలగించి, సంఘానికి ప్రత్యేకాధికారిని నియమించారు.

మార్చి ముప్పై ఒకటి, పొద్దున్న పదిన్నరకి ప్రత్యేకాధికారి అనంతశయనం గారు ఛార్జి తీసుకోవడానికి వచ్చారు. అటెండరు నూకరాజు బల్ల, కుర్చీ, లక్క, కొవ్వొత్తి మోసుకొచ్చాడు. ఆ రోజు ఎండ నలభై రెండు డిగ్రీలు. అనంతశయనం గారు తొట్టి ముందు బల్ల వేయించుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళకి చదివి వినిపించారు. ఎదురుగా ఉన్నవి చేపలే.

"నేటినుండి సంఘము యావత్తు నా ఆధీనము. చరాస్తులన్నియు స్వాధీనపరచుకొనడమైనది."

మేత డబ్బా అల్మైరాలో పెట్టించి లక్క సీలు వేశారు. తరవాత ఆయన కన్ను తొట్టికి గాలి ఊదే మోటారు మీద పడింది. ప్లగ్గు పీకించి దానికీ సీలు వేశారు.

"బాబూ, ఆ మోటారు ఆపేస్తే వాటికి గాలాడదండీ!" అని పరిగెత్తుకొచ్చింది వరాలు.

"గాలి మంజూరుకు అధ్యక్షుని సంతకము కావలెనమ్మా."

"అధ్యక్షుణ్ణి తీసేసింది మీరే కదండీ?"

"అందుచేతనే మంజూరు కాదు."

"పోనీ ఆ తొట్టి మూతకి కూడా సీలేసెయ్యండి, పీడా పోద్ది!" అన్నాడు భీమేశ్వరరావు, ఉక్రోషం పట్టలేక.

"అట్లు కుదరదు. సభ్యుల రాకపోకలకు అంతరాయము కలిగించరాదు," అన్నారు అనంతశయనం గారు. ఆయన మర్యాదస్తుడే.

పన్నెండయ్యేసరికి నీళ్ళు వెచ్చబడ్డాయి. చేపలు ఒక్కొక్కటే పైకి తేలి, నోళ్ళు నీటి అంచుకి ఆనించి తెరుస్తూ మూస్తూ నిలబడ్డాయి. ఇరవై రెండు అగ్గిపుల్లలు, ఒక్కదానికీ వెలుగు లేదు. అనంతశయనం గారు చూసి సంతోషించి రాసుకున్నారు: "సభ్యులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి ప్రత్యేకాధికారికి విన్నపములు చేసుకొనుచున్నారు."

వరాలు ఆ రాత చూసింది. చేపల్ని చూసింది. భీమేశ్వరరావు చెయ్యి పట్టుకుంది.

"సాయంత్రం దాకా ఆగవండీ ఇవి."

"ఏం చెయ్యనే? సీలు తీస్తే కేసు పెడతారు."

"సీలు జోలికెళ్ళను. ఆ ఉత్తర్వు కాగితం సుగుణమణి గారు మొదటిరోజు ఇచ్చింది ఏదీ?"

ఒంటిగంటకి అనంతశయనం గారు భోజనానికి లేచారు. పేరులో ఉన్న శయనానికి న్యాయం చేసి మూడింటికి గానీ రాలేదు. వచ్చేసరికి తొట్టి ఖాళీ. నీళ్ళున్నాయి, నాచు ఉంది, ఛార్జి తీసుకున్న సంఘం లేదు.

"సభ్యులెక్కడ?" ఆయన కేకకి నూకరాజు చేతిలో మరచెంబు జారిపోయింది.

కిటికీ పక్కన నీడలో, పక్క కిరాణా కొట్టు నుంచి అరువు తెచ్చిన వెడల్పు మూతి బిస్కెట్ సీసాలు ఐదు, ఒకదానికొకటి ఆనించి వరసగా ఉన్నాయి. అన్నింట్లోనూ సగం దాకా కుండలో చల్లారిన నీళ్ళు. వరాలు పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ గాలి కలుపుతోంది. మొదటి సీసాలో ఐదు చేపలు. రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఐదు, నాలుగోదాంట్లో ఐదు, చివరిదాంట్లో రెండు.

"ఆరుగురికి తగ్గితే కుటుంబం," అంది వరాలు, కాగితం చాచి. "ఇయ్యి ఐదు కుటుంబాలండి. మీరు ఛార్జి తీసుకున్నది సంఘానికి. కుటుంబాలకి గాలి ఊదుకోడానికి మీ సంతకం అక్కర్లేదు కదండీ?"

అనంతశయనం గారు ఉత్తర్వు రెండు సార్లు చదివారు. వెనక్కి తిప్పి కూడా చదివారు, వెనక ఏమీ లేదు. గడియారం చూసుకున్నారు. మూడూ పది. ఆయన ఫోను తీశారు.

మూడున్నరకల్లా జీపు వచ్చింది. కమిషనర్, మేనేజరు, సుగుణమణి, డ్రైవరు దడదడమని దిగి మధ్య గదిలోకి వచ్చారు. పరాంకుశం గారు సీసాలకేసి చూశారు. ఒక వింత జరుగుతోంది అక్కడ. మొదటి సీసాలో ఐదూ కుడికి తిరిగితే, అద్దం అవతల రెండో సీసాలోవీ కుడికి తిరుగుతున్నాయి, మూడోదాంట్లోవీ, చివర రెండూ కూడా. గోడలు పెట్టినా గుంపు గుంపుగానే ఉంది. నీలం గీత మెల్లిగా మళ్ళీ వెలుగుతోంది.

"చూడండి సార్, ఇప్పటికీ ఒకే దిశ!" అంది సుగుణమణి ఆశగా.

"ఒకే దిశ ఉన్నది. ఒకే చోటు లేదు," అన్నారు పరాంకుశం గారు. ఆయనకి చెమటలు పోస్తున్నాయి. మొదటిసారి మామూలు తెలుగు వచ్చేసింది. "ఐదింటికి పైవాళ్ళు లెక్క అడుగుతారయ్యా! నాలుగు వందల తొంభై తొమ్మిదని ఎలా చెప్పను? ఈ ఊళ్ళో సంఘంలో లేని ఆరుగురు ఎక్కడైనా ఉన్నారా?"

భీమేశ్వరరావు జోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. గది చుట్టూ చూశాడు. ముప్పై ఏళ్ళలో అంత స్పష్టంగా ఆయనకి ఎప్పుడూ కనిపించలేదు.

"ఉన్నారండీ."

"ఎక్కడ?"

"కమిషనర్ గారు తమరొకరు. మేనేజరు గారు రెండు. ప్రత్యేకాధికారి గారు మూడు. సుగుణమణి గారు నాలుగు. నూకరాజు ఐదు. డ్రైవరు ఆరు. అందర్నీ సంఘాల్లో చేర్పించారు గానీ తమరెవరూ ఏ సంఘంలోనూ చేరలేదు కదండీ?"

గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే చోట కూడారు, సందేహం లేదు.

"ఒకే దిశ..." అని మేనేజరు నసిగాడు. "అది రుజువు కావాలి గదా సార్?"

అప్పుడే కమిషనర్ గారి ఫోను మోగింది. పైవాళ్ళు. పరాంకుశం గారు చటుక్కున వీధి గుమ్మం వైపు తిరిగి, నిటారుగా నిలబడి, మెడ కొంచెం వంచి, "చిత్తం సార్," అన్నారు. మేనేజరు గుమ్మం వైపు తిరిగాడు. అనంతశయనం గారు తిరిగారు. సుగుణమణి తిరిగింది, నూకరాజు తిరిగాడు, డ్రైవరు తిరిగాడు. ఆరు మెడలు ఒకే వంపున వంగాయి. "అయిపోయినట్టే సార్," అన్నారు పరాంకుశం గారు. ఆరు తలలు ఊగాయి.

ఎవరూ ఇంకేమీ రుజువు అడగలేదు. సుగుణమణి దరఖాస్తు నింపింది. చేపల సంఘం కొట్టివేత, దాని స్థానంలో కొత్త సంఘం, నంబరు మాత్రం అదే. అనంతశయనం గారు తన సీళ్ళు తనే పీకేశారు. అధ్యక్షుడెవరన్న గడి దగ్గర సుగుణమణి కలం ఆపితే, ఇందాక ఫోను చేసిన పైవాళ్ళ పేరే రాయమన్నారు పరాంకుశం గారు. నాలుగూ ముప్పావు అయింది.

"ఫోటోలు!" అని గుండె పట్టుకున్నాడు మేనేజరు. "ఒక్కొక్కరిదీ విడివిడిగా తీయాలి, టైము లేదు!"

వరాలు చెంబు కింద పెట్టి, మొగుడి ఫోను అందుకుంది. మళ్ళీ గుమ్మం వైపు తిరిగి నిలబడిన ఆరుగురిలో తనకి దగ్గరగా ఉన్న నూకరాజుది ఒక్క ఫోటో తీసింది.

"ఆరు కాపీలు తీయించండి," అంది.

మేనేజరు ఏదో అనబోయి, గడియారం చూసి, ఫోటో చూసి, ఊరుకున్నాడు. భీమేశ్వరరావు భూతద్దం తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాడు.

జీపు వెళ్ళిపోయాక వరాలు ఐదు కుటుంబాలనీ తొట్టిలో వదిలింది. మోటారు బుడగలు ఊదింది. భీమేశ్వరరావు కాఫీ కలిపి తెచ్చి ఆవిడ చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాడు. తొట్టిలో ఇరవై రెండూ కాసేపు చెల్లాచెదురుగా తిరిగి, దగ్గరికి చేరి, ఒక్కసారిగా ఇటు తిరిగాయి. గదిలో నీలం వెలిగింది.

ఫోను మోగలేదు.

కాఫీ చల్లారింది.